రెట్టింపు వేగం, నాలుగింతల దెబ్బ

హైదరాబాద్ శివారు పుప్పాలగూడలో భౌతికశాస్త్రం చెప్పే టీచరు ప్రయోగశాల కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. తరగతి కిటికీ తెరిస్తే చాలు. పునాది గుంతలో నల్లబండను కొడుతున్న బ్రేకర్ మోత వినిపిస్తుంది. ముప్పయ్యో అంతస్తుకు ఇనుప చువ్వలు లేపుతున్న క్రేన్ కనిపిస్తుంది. కంకర దింపి వెనక్కి మళ్లే టిప్పరు, దాని పక్కనే సందు చేసుకుని దూసుకుపోయే డెలివరీ కుర్రాడి బండి, ఊరి అంచున ఔటర్ రింగు రోడ్డు. తొమ్మిదో తరగతి పుస్తకం గమన నియమాల కింద, పని-శక్తి కింద చెప్పేదంతా ఈ ఊళ్లో రోజూ పిల్లల కళ్లముందే జరుగుతోంది. అయినా దుమ్ముకీ మోతకీ జడిసి కిటికీలు మూసేస్తాం. బోర్డు మీద ద్రవ్యవేగం సూత్రం రాసి, కింద రెండు గీతలు గీసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పి ముందుకెళ్లిపోతాం.

మార్కులు రావడం లేదని కాదు, బాగానే వస్తున్నాయి. హైస్కూల్లో అడుగుపెట్టగానే ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెట్టే ప్రాంతం ఇది. ఒకే ద్రవ్యరాశి ఉన్న రెండు గోళాలు స్థితిస్థాపకంగా ఎదురెదురుగా ఢీకొంటే వాటి వేగాలు తారుమారవుతాయన్న చిట్కా ఇక్కడి పిల్లలకు కంఠతా వచ్చు. కానీ టిప్పరూ స్కూటీ ఢీకొంటే ఏది దేన్ని ఎక్కువ బలంతో నెట్టిందని అడిగి చూడండి. చాలామంది తడుముకోకుండా టిప్పరే అంటారు. కాస్త ముందే న్యూటన్ మూడో నియమం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పిన పిల్లలూ అదే మాట అంటారు.

ఇది మన పిల్లల లోపమేమీ కాదు. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాకామర్ 'ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ' అనే ప్రశ్నపత్రం ప్రచురించారు. అందులో లెక్కల్లేవు, సూత్రాల్లేవు. పెద్ద ట్రక్కు చిన్న కారును ఢీకొంటే ఏది దేనిమీద ఎంత బలం చూపుతుందన్నది అందులో ఒక ప్రశ్న. పేజీల కొద్దీ లెక్కలు చేయగల కాలేజీ విద్యార్థులు కూడా దాని దగ్గర తడబడ్డారు. హార్వర్డ్‌లో పాఠం చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఆ తరహా పత్రం ఇచ్చి, వచ్చిన జవాబులు చూసి, ఏకంగా తన బోధన పద్ధతినే మార్చుకున్నారు. సూత్రం నోటికి వచ్చినంత మాత్రాన అంతకుముందున్న నమ్మకం పోదు. రెండూ పక్కపక్కనే, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా ఉండిపోతాయి.

టిప్పరు బండిని ఎంత బలంతో నెట్టిందో, బండి కూడా టిప్పరును అంతే బలంతో నెట్టింది. తేడా ద్రవ్యరాశిలో ఉంది. టిప్పరు 20 టన్నులు, మనిషితో కలిపి బండి 200 కిలోలు అనుకుందాం. అంటే నూరు రెట్లు. ఆ ఒక్క ఢీతో బండి వేగం గంటకు 50 కిలోమీటర్లు మారితే, టిప్పరు వేగం అర కిలోమీటరు మాత్రమే మారుతుంది. ఢీకొన్న సంగతి డ్రైవరుకు ఒక్కోసారి తెలియకపోవడం అందుకే. బలం ఇద్దరికీ సమానమే, నష్టం మాత్రం తేలికైన వాడిదే. ఈ ముక్క అర్థమైన పిల్ల రేపు టిప్పరు పక్కన బండి నడిపేటప్పుడు ఒక గజం దూరం జరుగుతుంది.

పీజీ హాస్టళ్లలో సాయంత్రాలు ఆడే క్యారమ్ బోర్డు మరో మంచి పాఠం. పోటీల్లో స్ట్రైకర్ 15 గ్రాములకు మించకూడదు, కాయిన్ సుమారు 5 గ్రాములు. స్ట్రైకర్ కాయిన్‌ను సూటిగా కొడితే, రాపిడినీ చప్పుడులో పోయే శక్తినీ పక్కనబెట్టి చూస్తే, స్ట్రైకర్ వేగం సగానికి పడిపోతుంది. కాయిన్ మాత్రం స్ట్రైకర్ వచ్చిన వేగానికి ఒకటిన్నర రెట్ల వేగంతో పరుగెడుతుంది. ద్రవ్యవేగాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. శక్తిలో మాత్రం ముప్పావు వంతు కాయిన్‌కే పోయింది. ఇక్కడే పిల్లలకు అసలు చిక్కు ఎదురవుతుంది. కదిలే వస్తువులో ఉన్నదాన్ని కొలవడానికి రెండు కొలతలెందుకు? ద్రవ్యవేగం ఒక్కటీ సరిపోదా?

ఈ ప్రశ్న అడిగిన పిల్లను 'సిలబస్‌లో లేదు, కూర్చో' అనకూడదు. ఐరోపాలో మహామహులు దశాబ్దాల పాటు తగువులాడుకున్న ప్రశ్న అది. కదలిక మొత్తం ఎప్పుడూ మారదని డెకార్ట్ 1644లో చెప్పాడు గానీ దిశను లెక్కలోకి తీసుకోలేదు. 1668లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఢీల సంగతి తేల్చమని అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ జవాబులు పంపారు. దిశను కూడా కలుపుకుంటేనే లెక్క కుదురుతుందని అప్పటికి తేలింది. 1686లో లైబ్నిజ్ మరో మాట అన్నాడు: అసలు కొలత వేగం కాదు, వేగం వర్గం. డెకార్ట్ శిష్యులకూ లైబ్నిజ్ పక్షానికీ పడలేదు. 1720ల్లో డచ్చి ప్రొఫెసర్ గ్రావెసాండె మాటలు కట్టిపెట్టి, ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టిలోకి వదిలి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు రెండింతల గుంట కాదు, నాలుగింతల గుంట చేసింది. ఆ ప్రయోగం విలువ గుర్తించి 1740లో పుస్తకంలోకెక్కించి లోకానికి చాటినావిడ ఫ్రాన్సుకు చెందిన ఎమిలీ దు షాట్లే. చివరికి తేలిందేమిటంటే రెండు పక్షాలదీ నిజమే. బలం ఎంతసేపు పనిచేసిందో చూస్తే ద్రవ్యవేగం, ఎంత దూరం పనిచేసిందో చూస్తే శక్తి.

ఈ ప్రయోగానికి డచ్చి దేశం వెళ్లనక్కర్లేదు. వినాయక చవితికి ప్రతిమలు చేసే బంకమట్టి ఒక పళ్లెం, ఒక స్టీలు గోళీ, ఒక మీటరు బద్ద, ఒక ఇంకు ఫిల్లర్ ఉంటే చాలు. పావు మీటరు ఎత్తు నుంచి ఒకసారి, మీటరు ఎత్తు నుంచి ఒకసారి గోళీని వదలాలి. రెండోసారి మట్టిని తాకే వేగం మొదటిదానికి రెట్టింపు. రెండు గుంటల్లోనూ ఫిల్లర్‌తో నీటి బొట్లు నింపి లెక్కపెట్టమనాలి. మొదటిదానిలో పది బొట్లు పడితే రెండోదానిలో ఇరవై పట్టవు, దాదాపు నలభై పడతాయి. అచ్చంగా నలభయ్యే రావు. మట్టి తడిలో తేడా, చేయి వణుకు, బొట్టు పరిమాణం అన్నీ కలిసి అటూఇటూ చేస్తాయి. ఆ అటూఇటూ ఎందుకొచ్చిందని వెతకడం కూడా శాస్త్రమే.

నాలుగింతలు అన్న మాట పళ్లెంలో ఉన్నంతసేపు సరదాగా ఉంటుంది, రోడ్డెక్కితే సరదా పోతుంది. గచ్చిబౌలి బయోడైవర్సిటీ కూడలి దగ్గరి పైవంతెన 2019 నవంబరు 4న మొదలైంది. అదే నెల 23న ఒక కారు దాని మీద నుంచి అదుపు తప్పి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. అక్కడ వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు, కారు వచ్చిన వేగం నూరు దాటిందని పోలీసులు చెప్పారు. 40కీ 100కీ మధ్య తేడా రెండున్నర రెట్లే కదా అనిపిస్తుంది. కానీ గతిజశక్తి ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ వంతెన మీద ఉన్నట్టి మలుపు తిరగడానికి కావలసిన బలమూ వేగం వర్గంతో పాటే పెరుగుతుంది. పరిమితి బోర్డు మీద ఉన్న అంకె అధికారుల ఇష్టాయిష్టం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ, ఇంతకంటే బరువైన ఉదాహరణ మనకు లేదు. ఔటర్ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. వేగం పెరిగింది 20 శాతం. ఆపాల్సి వచ్చినప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తి పెరిగింది 44 శాతం. ఈ లెక్క చేయడానికి తొమ్మిదో తరగతి చాలు, చేసి చూసిన పెద్దలు ఎంతమంది ఉంటారో సందేహమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారనీ, అందులో 71 శాతం పైగా మరణాలు అతివేగం వల్లేననీ కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది.

శక్తి సంగతి అలా ఉంచి, కాలం సంగతి చూద్దాం. యంత్రాలు రాకముందు ఈ చుట్టుపక్కల బండలు పగలగొట్టింది వడ్డెరల చేతిలోని సమ్మెట. అయిదు కిలోల సమ్మెట సెకనుకు పది మీటర్ల వేగంతో ఉలి మీద పడితే దానిలో ఉన్న శక్తి 250 జౌళ్లే. 45 కిలోల పిల్ల ఒక అంతస్తు, అంటే మూడు మీటర్లు, మెట్లెక్కడానికి చేసే పని 1,323 జౌళ్లు. దెబ్బలో ఉన్నది అందులో అయిదో వంతు కూడా లేదు. మరి రాయి ఎలా పగిలింది? సమ్మెట ఆగడానికి పట్టిన కాలం సెకనులో వెయ్యో వంతు అనుకుంటే ఆ క్షణంలో ఉలి మీద పడిన బలం సుమారు అయిదు టన్నుల బరువుకు సమానం. ద్రవ్యవేగం ఎంత తక్కువ కాలంలో మారితే బలం అంత ఎక్కువ. రాయి కొట్టేవాడు కాలాన్ని కుదిస్తాడు. హెల్మెట్ చేసేవాడు కాలాన్ని సాగదీస్తాడు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ నలగడం, కారు ముందుభాగం ముడుచుకుపోవడం, సీటు బెల్టు కాస్త సాగడం, ఎయిర్ బ్యాగ్ ఉబ్బి మెల్లగా నలగడం, అన్నీ చేసే పని ఒకటే: ఆగే క్షణాన్ని పొడిగించడం.

కారు ముందు సీట్లో అమ్మ ఒళ్లో పసిబిడ్డను కూర్చోబెట్టుకునే కుటుంబాలు మన ఊళ్లో తక్కువేమీ కాదు. బిడ్డ పది కిలోలు, కారు వేగం గంటకు 54 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు. కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుంటే, ఆ బిడ్డను పట్టి ఉంచడానికి తల్లి చేతులు సుమారు 150 కిలోల బరువును ఆపినంత బలం చూపాలి. ఆ తల్లి తన ఒంటినే నిలుపుకోలేని క్షణం అది. అమ్మ ప్రేమకు హద్దుల్లేవు గానీ అమ్మ చేతులకు ఉన్నాయి. ఈ ఒక్క లెక్క బోర్డు మీద చేసిన రోజు సాయంత్రం ఎన్నో ఇళ్లలో పిల్లలే పెద్దలకు పాఠం చెబుతారు.

ఇక పని. ఈ పాఠంలో ఒక ప్రశ్న తరాలుగా పిల్లల్ని తికమక పెడుతోంది: నెత్తిన బరువుతో చదునైన నేల మీద నడిచే కూలీ, గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసే పని ఎంత? జవాబు సున్నా. పుప్పాలగూడ బడుల్లో, కట్టడాల మీద తట్టలు మోసే తల్లిదండ్రుల పిల్లలూ ఉంటారు. ఆ పిల్లలకు ఈ సున్నా ఎలా వినిపిస్తుందో టీచరు ఒక్కసారి ఆలోచించాలి. లెక్క తప్పు కాదు, అరకొరగా చెప్పడమే తప్పు. భౌతికశాస్త్రం ఇక్కడ లెక్కపెడుతున్నది బరువుకు చేరిన శక్తిని మాత్రమే. మోసే మనిషి కండరాల్లో పోగులు క్షణక్షణం బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి, తిన్న అన్నం కరుగుతూ ఉంటుంది, ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. శక్తి ఖర్చయింది, బరువుకు చేరలేదు, అంతే. ఈ రెండో సగం చెప్పకపోతే అమ్మ కష్టాన్ని పుస్తకం కాదన్నట్టు మిగిలిపోతుంది.

ఇంకో లెక్క కూడా పక్కనే చేయించాలి. యాభై కిలోల సిమెంటు బస్తాను ఒక అంతస్తు ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని 1,470 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క యూనిట్‌తో దాదాపు 2,450 బస్తాలు మొదటి అంతస్తుకు లేపొచ్చు. మోటారులో సగం శక్తి వృథాగా పోయిందనుకున్నా 1,200 బస్తాలకు తక్కువ కాదు. అన్ని బస్తాలు మోసిన మనిషికి ఎంత కూలీ ఇవ్వాలి, ఒక యూనిట్‌కు కరెంటు బిల్లులో ఎంత కడుతున్నాం? ఈ ప్రశ్న తరగతిలో పడగానే పిల్లలు ఒక్కసారిగా మౌనంగా అయినా అయిపోతారు, లేదా అందరూ కలిసి అరుస్తారు. రెండూ మంచివే. జౌలు శక్తికి కొలత, మనిషి కష్టానికి కాదు. యంత్రం ఎందుకొచ్చిందో, వచ్చాక ఎవరి బతుకు ఎటు కదిలిందో ఆలోచించడం భౌతికశాస్త్రం దగ్గరే మొదలై సాంఘికశాస్త్రం దాకా వెళుతుంది.

సామర్థ్యం చెప్పడానికి బడి మెట్లు చాలు. అదే 45 కిలోల పిల్ల ఆ మూడు మీటర్లు 12 సెకన్లలో ఎక్కితే 110 వాట్లు, 4 సెకన్లలో పరుగెత్తి ఎక్కితే 330 వాట్లు. పని మారలేదు, కాలం మారింది. గుర్రాలతో పోల్చి తన ఆవిరి యంత్రాలను అమ్ముకున్న జేమ్స్ వాట్ పేరుతోనే ఈ వాటు వచ్చింది, ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. నలభై అంతస్తుల భవనంలో పదిమందికి లెక్కగట్టిన లిఫ్టు 680 కిలోలను 120 మీటర్లు లేపితే అయ్యే పని 8 లక్షల జౌళ్లు, పావు యూనిట్ కూడా కాదు. నిమిషంలో చేరాలంటే 13 కిలోవాట్లు పైచిలుకు, అరనిమిషంలో చేరాలంటే దానికి రెట్టింపు కావాలి. ఎదురు బరువు చాలా భారం తీసుకుంటుంది కాబట్టి మోటారు మీద అంత పడదన్నది తర్వాతి పాఠం. ఇంకా పెద్ద సామర్థ్యానికీ ఉదాహరణ దగ్గర్లోనే ఉంది: ఔటర్ వెంట నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి మీద సౌరఫలకాల కప్పు ఉంది. దాని సామర్థ్యం 16 మెగావాట్లు. కింద సైకిల్ తొక్కే మనిషి మామూలుగా చూపే సామర్థ్యం నూరు వాట్లనుకుంటే, మంచి ఎండలో ఆ కప్పు 1,60,000 మంది తొక్కుడుకు సమానం. ఆ దారి పొడవునా మీటరుకు ఏడుగురు చొప్పున నిలబడితే గానీ అంతమంది పట్టరు. మెగావాటు అన్న మాట పిల్లలకు అప్పుడు అంకెగా కాక మనుషులుగా కనిపిస్తుంది.

ఇవన్నీ చెప్పడానికి టీచర్లకు మనసు లేదనడం అన్యాయం. సిలబస్ పూర్తిచేయాలి, ఫార్మేటివ్‌లు, సమ్మేటివ్‌లు పెట్టాలి, రికార్డులు దిద్దాలి. పైగా 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం నుంచి ద్రవ్యవేగ నిత్యత్వాన్నే తీసేసింది. తర్వాత పదకొండులో ఎలాగూ వస్తుందన్న సర్దుబాటు సరికాదు. పదకొండులో అది భౌతికశాస్త్రం తీసుకున్న వాళ్లకే వస్తుంది. పది తర్వాత కామర్సుకు వెళ్లే పిల్లకూ, పని వెతుక్కునే పిల్లవాడికీ ఢీల గురించి శాస్త్రం చెప్పగలిగే చివరి మజిలీ తొమ్మిదో తరగతే. వీళ్లందరికీ మరో నాలుగేళ్లలో డ్రైవింగ్ లైసెన్సు మాత్రం వస్తుంది. భారం తగ్గించాలంటే తగ్గించదగినవి వేరే ఉన్నాయి.

అందుకే ఒక విన్నపం. ఏ సిలబస్ చెప్పే బడి అయినా సరే, ఈ ఏడాది గమన నియమాలకు, పని-శక్తికి కలిపి రెండే రెండు పీరియడ్లు అదనంగా కేటాయించండి. ఒకటి బంకమట్టి పళ్లేనికి, మరొకటి మెట్లకు. తన బరువు నలుగురిలో చెప్పుకోవడం ఇష్టం లేని పిల్లకు పుస్తకాల సంచి బరువుతో లెక్క చేయించండి. వీలుంటే ప్రహరీ లోపలే నిలబడి, బయట రోడ్డు మీద ఇరవై మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య బళ్లు ఎంతసేపట్లో దాటుతున్నాయో ఫోన్ గడియారంతో కొలవమనండి. 1.8 సెకన్లు పడితే గంటకు 40 కిలోమీటర్లు, 1.2 సెకన్లే పడితే 60. బడి ముందు బళ్లు ఎంత వేగంతో పోతున్నాయో ఆ కాగితం మీద తేలుతుంది. దాన్ని మున్సిపల్ అధికారులకూ ట్రాఫిక్ పోలీసులకూ పంపండి, స్పీడ్ బ్రేకరు అడగడానికి అంతకంటే మంచి అర్జీ ఉండదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఆ పీరియడ్ అయిన సాయంత్రం మీ అమ్మాయి బండి వెనక కూర్చుని 'నాన్నా, ఎంత మీద పోతున్నావు?' అని అడగొచ్చు. విసుక్కోకండి. ముల్లు చూసి నిజం చెప్పండి, ఆపైన కాస్త తగ్గించండి.